పని గుర్తొచ్చిన కాలేయం

నర్సమ్మ వ్యాయామశాలలో కుప్పకూలినప్పుడు ఆమె చేతిలో బరువేమీ లేదు. శిష్యురాలు ఢిల్లీశ్వరి బార్ ఎత్తుతుంటే పక్కన నిలబడి "నడుం వొంచకు, నడుం వొంచకు" అంటోంది. ఆ మాట మధ్యలో తెగిపోయింది. ఢిల్లీశ్వరి బార్‌ని కింద పడేసి తిరిగి చూసేసరికి మేడం రబ్బరు చాప మీద పడి ఉంది. ఒళ్ళంతా చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎదురుగా ఉన్నది ఎవరో ఆమెకు తెలియడం లేదు.

విజయనగరం దగ్గర వేపలవలసలో ఆడపిల్లలకు వెయిట్ లిఫ్టింగ్ నేర్పిన మొదటి మనిషి రొంగలి అప్పలనర్సమ్మ. జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చిన రోజుల్లో ఆమె భుజాలు చూసి ఊళ్ళో కొందరు నవ్వేవారు. తర్వాత వాళ్ళే తమ కూతుళ్ళను వెంటబెట్టుకొచ్చి ఆమె ముందు నిలబెట్టారు. నలభై దాటినా, పిల్లలు ఎత్తలేక వదిలేసిన బరువును ఒక్కసారి ఎత్తి చూపించి, ఏమీ జరగనట్టు పక్కకు తప్పుకునేది. భర్త సూరిబాబు కరెంటు లైన్‌మన్. స్తంభాలెక్కే తనకంటే తన భార్యే బలమైనదని నలుగురిలో చెప్పుకోవడం అతనికి సరదా.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించగానే ఆమె తేరుకుంది. షుగరు జబ్బు లేని మనిషికి, కడుపు నిండా చద్దన్నం తిని వచ్చిన మనిషికి రక్తంలో చక్కెర అంతగా ఎందుకు పడిపోయిందో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. స్కాన్ తీశాక తెలిసింది. కాలేయంలో పెద్ద గడ్డ ఉంది. పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చిన కామెర్ల వైరస్ ఇన్నేళ్ళూ చడీచప్పుడూ లేకుండా ఆ కాలేయాన్ని పాడుచేసుకుంటూ వచ్చింది. ముఖ్యమైన రక్తనాళాన్ని చుట్టుకుని ఉండటంతో గడ్డను కోసి తీయడం కుదరదన్నారు. వాడుకలో ఉన్న మందులు వాడి చూశారు. గడ్డ ఇంకా పెరిగింది. తిన్న తిండంతా అదే లాక్కుంటోందని, అందుకే చక్కెర పడిపోతోందని చెప్పి, విశాఖపట్నంలో కొత్త మందు మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ భ్రమరాంబ దగ్గరికి పంపించారు.

భ్రమరాంబది తెనాలి. కాలేయం తప్ప మరో లోకం లేదని తోటివాళ్ళు ఆమెను ఆటపట్టించేవారు. వచ్చిన భార్యాభర్తల్ని ఆమె కుర్చీల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పలేదు. నేరుగా ప్రయోగశాలలోకి తీసుకెళ్ళి రెండు గాజు పళ్ళేలు ముందు పెట్టింది.

"రెండింట్లోనూ మీ గడ్డ నుంచి తీసిన కణాలే ఉన్నాయి నర్సమ్మ గారూ. మొన్న రెండింట్లోనూ ఒకేలా చక్కెర నీళ్ళు పోశాం. ఇదిగో, మీరే చూడండి."

ఇంట్లో షుగరు చూసుకునే మామూలు మీటరే. భ్రమరాంబ మొదటి పళ్ళెంలోని నీటిచుక్కను పట్టీకి తాకించింది. చక్కెర దాదాపు లేదని మీటరు చూపింది. రెండో పళ్ళెంలోది తాకించింది. పోసినప్పటి కంటే ఎక్కువ ఉంది.

"ఇదెలగ?" అన్నాడు సూరిబాబు. "మీరేటైనా మల్లీ పోసినారా?"

"లేదండీ. ఆ కణాలే తయారుచేశాయి. కాలేయం అసలు పనే అది. మనం తిన్నప్పుడు దాచిపెడుతుంది, తిననప్పుడు తీసి అందరికీ పెడుతుంది. దాచింది అయిపోతే కొత్తగా తయారుచేసి మరీ పెడుతుంది. కేన్సరు వచ్చిన కణం ఆ పని మానేస్తుంది. ఒంట్లో ఉన్న చక్కెరంతా తనే తిని, తన సంతానాన్ని పెంచుకోవడమే దానికి తెలుసు. చక్కెర తయారుచేసే పనిముట్లు దానిలో లేకపోలేదు, మూతపడి ఉంటాయి. రెండో పళ్ళెంలో వేసిన మా మందు ఆ మూత తీస్తుంది. పని గుర్తొచ్చిన కణానికి ఇక పెరిగే తీరిక ఉండదు."

ప్రయోగశాలలో ఆ మందును జ్ఞప్తి అని పిలుచుకునేవారు.

నర్సమ్మ రెండో పళ్ళెం వంక చాలాసేపు చూసింది. పిల్లలకు ఏం తినిపించాలి, ఎప్పుడు తినిపించాలి అన్నదానితోనే ఆమె జీవితం గడిచింది. సరుకు లేకుండా వంట కాదని ఆమెకు తెలుసు.

"అది సక్కెర దేంతోటి సేస్తాది డాక్టరమ్మా?"

భ్రమరాంబ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు తలూపింది. "పళ్ళెంలో అయితే మేం వేసిన సరుకుతో చేసింది. ఒంట్లో అయితే, కండతో. కండను కరిగించి, అందులోని మాంసకృత్తులతో చేస్తుంది."

భ్రమరాంబ తనంతట తానే మిగతాది చెప్పింది. తిండి తింటే ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది, అది పెరిగిందంటే మందు పనిచేయదు. అందుచేత పగలంతా పస్తుండాలి, పొద్దుగూకాక కొద్దిగా తినాలి. ఎలుకల్లో గడ్డలు ఆగిపోయాయి. కానీ తొడలు సన్నబడ్డాయి. కొన్ని ఎలుకలు గుండె కండ కూడా కరిగి చనిపోయాయి. మనుషుల్లో ఈ మధ్యే మొదలుపెట్టారు. ఏమవుతుందో పూర్తిగా తెలియదు.

"ఇంకేదైనా దారి ఉందేటి?" అన్నాడు సూరిబాబు.

"నాకు తెలిసి లేదండీ."

నర్సమ్మ తన ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని చూసుకుంది. "కండే కదా మావా. నాను సంపాదించుకున్నదే. కర్సెట్టుకుందాం," అంది.

* * *

వార్డులో పక్క మంచం మీద గనగళ్ళ ఎర్రయ్య ఉండేవాడు. భీమిలి వైపు మత్స్యకారుడు. ఆమె కంటే ముందే మందు మొదలుపెట్టాడు. తెప్పలు లాగిన చేతులవి అని అతను చెబితే గానీ నమ్మలేనంత సన్నబడిపోయాయి. అయినా ఉషారుగా ఉండేవాడు. గడ్డ పెరగడం ఆగిందని డాక్టర్లు చెప్పినప్పుడు వార్డు వార్డంతా వినపడేలా భార్యకు ఫోన్ చేసి చెప్పాడు.

మందు పడ్డాక నర్సమ్మకు తేడా తెలిసింది. ఇంతకు ముందు తిన్న కాసేపటికే కళ్ళు తిరిగేవి. ఇప్పుడు పగలంతా తినకపోయినా తెలివి తప్పడం లేదు. గంటగంటకూ నర్సు చూసే చక్కెర పడిపోకుండా నిలబడుతోంది. కడుపులోని గడ్డ తనకు తిండి పెడుతోందన్న మాట. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు వింతగా ఉండేది.

ఆకలి మాత్రం వేరే సంగతి. మొదట్లో పొద్దున వేసి మధ్యాహ్నానికి చల్లారేది. తర్వాత చల్లారడం మానేసింది. వరండాలో ఎవరో ఇడ్లీ పొట్లం విప్పితే ఆ వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెట్టే రోజులు గుర్తొచ్చి, గుడ్డు పెంకు తీసేటప్పుడు వేళ్ళకు తగిలే వెచ్చదనం వరకూ ఊహించుకునేది. నెల తిరక్కుండా జాకెట్లు వదులయ్యాయి. మెడ పక్కన గుంటలు పడ్డాయి. స్నానాల గదిలో బకెట్టు ఎత్తబోయి, ఎత్తలేక, సగం నీళ్ళు పారబోసి ఎత్తింది. బయటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

ఎర్రయ్య ఒక మధ్యాహ్నం పోయాడు. గడ్డ వల్ల కాదు. ఊపిరి పీల్చే కండరాల్లో సత్తువ లేక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. దగ్గి బయటికి తెచ్చే బలం కూడా అతనికి లేకపోయింది. భ్రమరాంబ అతని మంచం పక్కనే చివరిదాకా నిలబడి ఉంది. తర్వాత నర్సమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆయన గడ్డ స్కాన్లో చూశాను. చాలా బాగుంది," అంది. "మీరు మానేస్తానంటే ఈ రోజే ఆపేస్తాను. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు."

"ఆపితే ఏటౌతాది?"

"గడ్డ మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది."

"ఆయనకి మీరు అన్నీ సెప్పే ఎట్టినారు కదా, నాకు సెప్పినట్టే?"

"చెప్పాను."

"అయితే ఆయన తెలిసే ఎల్లినాడు," అంది నర్సమ్మ. "మీరు లెగండి డాక్టరమ్మా. పొద్దున్నుంచీ మీరూ ఏటీ తిన్నట్టు లేదు."

* * *

ఢిల్లీశ్వరి ఆ వారంలోనే వచ్చింది. జాతీయ పోటీలు దగ్గరపడుతున్నాయి. ఆమె మేడంని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. ఆ సంగతి నర్సమ్మ కనిపెట్టింది, కనిపెట్టనట్టే పలకరించింది.

"ఏటే, స్నాచ్ ఎంతవరకొచ్చింది?"

"నాను పోటీకి ఎల్లను మేడం."

"ఎందుకేటి?"

"బార్ ఎత్తినప్పుడల్లా ఎనక్కి పోతంది. ఎవులూ సెప్పడం లేదు. మీరు లేకపోతే నాకు రాదు." ఢిల్లీశ్వరి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడుపు తరవాత ఏడుద్దువుగాని. ముందు రా."

వ్యాయామ చికిత్స చేసే హాలు కింది అంతస్తులో ఉంది. మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. గోడకు ఆనించి పొడవాటి చెక్క కర్ర ఒకటి ఉంది. నర్సమ్మ ఆ కర్ర ఢిల్లీశ్వరి చేతికిచ్చి, ఒకే ఊపున తల మీదికెత్తే ఆ స్నాచ్ చేయమంది. తప్పు మొదటిసారికే కనబడింది. కర్ర మోకాళ్ళు దాటాక పిల్ల తొందరపడుతోంది. నోటితో చెబితే ఎక్కలేదు. అప్పుడు నర్సమ్మ కర్ర తీసుకుంది. కూర్చుని, లేచి, తల మీదికెత్తి, మళ్ళీ కూర్చుని చూపించింది. "సూసినావా? ఇక్కడ ఆగాల. మల్లీ సూడు." పాఠంలో పడి తను ఎక్కడుందో మరిచిపోయింది. తొడలు మండుతుంటే ఆ మంట ఆమెకు పాత చుట్టంలా తోచింది. ఢిల్లీశ్వరికి పట్టు దొరికేదాకా ఆపలేదు. దొరికాక అక్కడే నేల మీద చతికిలబడి, రొప్పుతూ నవ్వింది.

నర్సు వెతుక్కుంటూ వచ్చి హడలిపోయింది. పస్తున్న మనిషి ఇంత శ్రమపడితే చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుందని వాళ్ళందరికీ గట్టిగా చెప్పి ఉంచారు. అక్కడికక్కడే వేలు పొడిచి చూసింది. పడిపోలేదు. కాసేపాగి మళ్ళీ చూసింది. పెరిగింది.

మర్నాడు భ్రమరాంబ ఆ సాయంత్రం తీసిన రక్తం ఫలితాలు ముందేసుకుని కూర్చుంది. చక్కెర పెరగడం ఒక్కటే కాదు. కండ కరిగితే రక్తంలో యూరియా పెరుగుతుంది. మందు మొదలుపెట్టినప్పటి నుంచీ నర్సమ్మకు అది పెరుగుతూనే వచ్చింది. ఆ సాయంత్రం ఒక్కటే తగ్గింది. చక్కెర తయారైంది, కానీ కండ కరగలేదు. మరి దేనితో తయారైంది?

ఆలోచిస్తుండగానే ఆమెకు తట్టింది. శ్రమపడిన కండరంలో మంట పుట్టించే ఆమ్లం ఒకటి రక్తంలోకి వస్తుంది. మంచి కాలేయం దాన్ని వదిలిపెట్టదు, తీసుకుని తిరిగి చక్కెరగా మార్చి కండరానికే పంపిస్తుంది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. పని గుర్తొచ్చిన గడ్డ కూడా అదే చేసి ఉండాలి. తేలిగ్గా దొరికే సరుకు ఎదురుగా ఉంటే కండను కరిగించాల్సిన అవసరం దానికి లేదు.

అదే నిజమైతే, ఆ సరుకు అంది ఉంటే ఎర్రయ్య బతికి ఉండేవాడు. ఆ ఆలోచన రాగానే భ్రమరాంబ కిటికీ దగ్గరికి వెళ్ళి కొంతసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి ఎలుకలకు ఆ ఆమ్లాన్ని సూదితో ఎక్కించి చూసింది. ఫలితం రాలేదు. చక్రంలో పరిగెత్తించిన ఎలుకలకే కండ నిలిచింది. ఆమ్లం ఒక్కటే చాలదు, పని చేస్తున్న కండ మాత్రమే తనను తాను కాపాడుకుంటోంది. మందు లాగా దీన్ని సీసాలో పోసి ఇవ్వడం కుదరదు. ఎవరికి వాళ్ళే కష్టపడాలి.

* * *

"ఇదేటి న్యాయమండీ?" సూరిబాబు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు పెంచాడు. "తిండి పెట్టకుండా ఎండగట్టినారు. ఊరుకున్నాను. ఇప్పుడు ఆకలి మీదున్న మనిసి సేత బరువులెత్తిస్తామంటన్నారు. మొన్న ఏదో అదురుట్టం కలిసొచ్చింది. మల్లీ అలగే అవుతాదని రాసిస్తారేటి?"

"రాసివ్వలేనండీ," అంది భ్రమరాంబ. "ఆ గడ్డ ఆమ్లాన్ని తీసుకోకపోతే రక్తం పులిసిపోతుంది, చక్కెర పడిపోతుంది. నేను పక్కనే సూది పట్టుకుని ఉంటాను. అంతకు మించి మాటివ్వలేను."

సూరిబాబు భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా సెప్పు నర్సమ్మా. నీ వొంట్లో ఏటి మిగిలిందని?"

"మిగిలింది కాబట్టే అంటన్నాను మావా. ఇలగే ఉంటే అదీ పోతాది." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "పడుకుని కరిగిపోడం నాకు సేతకాదు. పని సేస్తూ ఏదైనా అవనీ."

అతను ఆ చేతిని వదల్లేదు. చివరికి, "నానూ అక్కడే ఉంటాను," అన్నాడు.

పగటిపూట, కిటికీలన్నీ తెరిచి, ఆ హాలులోనే మొదలుపెట్టారు. నర్సమ్మ చేతికి సన్నని గొట్టం అమర్చి, రక్తంలో చక్కెర ఎంత ఉందో తెర మీద కనిపించేలా పెట్టారు. చేతిలో ఖాళీ బార్. ప్లేట్లు లేని ఆ ఇనపకడ్డీని ఆమె ఒకప్పుడు చీపురుకట్టలా తిప్పేది. ఇప్పుడు మోకాళ్ళ వరకు తేవడానికే ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. తొడల్లో మంట మొదలైంది. తెర మీద అంకె కిందికి జారసాగింది. పెదవులు తిమ్మిరెక్కాయి. వేళ్ళు వణుకుతున్నాయి. వ్యాయామశాలలో పడిపోయిన రోజున ఇలాగే మొదలైంది. భ్రమరాంబ గ్లూకోజు సూది తీసుకుని ఒక అడుగు ముందుకు వేసింది.

నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. మాట్లాడే ఓపిక లేదు. మళ్ళీ కూర్చుని లేచింది.

సూరిబాబు తెర వంక చూడటం మానేసి భార్య మొహంలోకే చూస్తున్నాడు. అతను చూస్తుండగానే ఆమె చూపు స్థిరపడింది. పెదవుల మీదికి రంగు వచ్చింది. "నిలబడింది," అంది భ్రమరాంబ, చాలా మెల్లగా, గట్టిగా అంటే చెదిరిపోతుందేమో అన్నట్టు. తెర మీద అంకె కాసేపు కదలకుండా ఉంది. ఆ తర్వాత పైకి పాకడం మొదలుపెట్టింది.

నర్సమ్మ బార్‌ని నేల మీద నిమ్మళంగా దించింది. పడేయలేదు. తన శిష్యులకు ఎప్పుడూ అదే చెప్పేది. దించాక సూరిబాబు భుజం మీద తల ఆనించి నిలబడింది. భ్రమరాంబ సూదిని పళ్ళెంలో పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడిచి పెట్టుకుని మళ్ళీ తీసింది. ప్రయోగశాలలో ఇన్నేళ్ళూ ఎన్నో ఫలితాలు చూసింది. ఒక మనిషి తన ఒంట్లోని శత్రువు చేత పని చేయించుకోవడం కళ్ళారా చూడటం ఆమెకు అదే మొదలు.

* * *

వానలు వెళ్ళాక తీసిన స్కాన్‌లో గడ్డ ఉంది. పరిమాణం పెద్దగా మారలేదు. అయితే చక్కెరను ఎక్కడ ఎక్కువగా తింటుందో అక్కడ వెలిగే ఆ చిత్రంలో, మొదట నిప్పుకణికలా కనబడిన చోటు ఇప్పుడు మిగతా కాలేయం లాగే మసకగా ఉంది. నయమైందా అని సూరిబాబు అడిగాడు.

"పోలేదండీ. అక్కడే ఉంది. కానీ ఇప్పుడది కేన్సరులా ప్రవర్తించడం లేదు, కాలేయంలా ప్రవర్తిస్తోంది. మందు మానకూడదు. పగటి పస్తు మానకూడదు. రోజూ ఆ కష్టం మానకూడదు."

"ఎన్నాల్లు?"

"ఉన్నన్నాళ్ళూ అనుకుంటున్నాను."

పోయిన కండ తిరిగి రాలేదు. ఉన్నది నిలిచింది, అంతే. ఇక ఎప్పటికీ శిష్యులకు బరువెత్తి చూపించలేనని నర్సమ్మకు తెలుసు. పాత ఫోటోలున్న గోడ వైపు ఇంట్లో కొన్నాళ్ళు వీపు పెట్టి కూర్చుంది. ఒక రోజు సూరిబాబు వాటిని తీసేయమంటావా అని అడిగితే, "ఉండనీ, అదీ నానే," అంది. ఢిల్లీశ్వరి పోటీలకు వెళ్ళి పతకం తప్పిపోయి నాలుగో స్థానంలో వచ్చింది. ఫోన్‌లో ఏడవబోతుంటే, "బార్ ఎనక్కి పోనాదా?" అని అడిగింది నర్సమ్మ. పోలేదు మేడం అంది పిల్ల. "అయితే మరేటి? వొచ్చే ఏడు సూద్దాం."

ఆపైన భ్రమరాంబ నుంచి పిలుపు వచ్చింది. జ్ఞప్తి తీసుకునే వాళ్ళ సంఖ్య పెరిగింది. అందరికీ కసరత్తు తప్పనిసరి చేశారు. కానీ పొద్దున్నుంచి పస్తున్న రోగిని, జీవితంలో ఎప్పుడూ బరువెత్తని మనిషిని లేపి నిలబెట్టడం డాక్టర్ల వల్ల కావడం లేదు. సగం మంది నాలుగు రోజులు చేసి ముడుచుకుని పడుకుంటున్నారు.

నర్సమ్మ వారానికి మూడు రోజులు విశాఖ బస్సెక్కడం మొదలుపెట్టింది.

కింది అంతస్తు హాలులో ఇప్పుడు రబ్బరు చాపలు పరిచారు. ఒక ఉదయం భ్రమరాంబ అటు వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. లోపల కుసుమకుమారి అనే రిటైరైన లెక్కల టీచరు నిలబడి ఉంది. సన్నని మనిషి, జరీ అంచు నేతచీర, రెండు చేతుల్లోనూ కిలో ఉప్పు పొట్లాలు. ఎదురుగా నర్సమ్మ, ఆమె చేతుల్లోనూ అవే ఉప్పు పొట్లాలు. ఇద్దరి ముంజేతులకూ సన్నని గొట్టాలు. ఇద్దరి ముఖాలూ చెమటతో తడిసి ఉన్నాయి.

కుసుమకుమారి మోకాళ్ళు వంచి, లేవలేక మధ్యలో ఆగిపోయింది. "నావల్ల కాదండీ. తొడలు మండిపోతున్నాయి."

"మండాల. ఆ మంటే మీకు కూడు."

"మీకేమండీ, అలవాటైపోయింది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు చచ్చేంత ఆకలేస్తోంది."

"నాకూ ఏస్తంది అమ్మగారూ," అంది నర్సమ్మ. "లెగండి. ఇద్దరం కలిసి లెగుద్దాం."

ఇద్దరూ లేచారు.